మోకాలి ఆస్టియో ఆర్థ్రయిటిస్

మోకాలి కీలులోని మృదులాస్థి క్రమంగా దెబ్బతిని, దాని అడుగున ఉన్న ఎముక, కీలును చుట్టిన పొర, సంధిబంధనాలు, కండరాలు కూడా ఆ మార్పులకు లోనై, నొప్పినీ బిగుతునూ నడకలో ఇబ్బందినీ కలిగించే దీర్ఘకాలిక వ్యాధిని మోకాలి ఆస్టియో ఆర్థ్రయిటిస్ అంటారు. తెలుగునాట మోకాళ్ళ నొప్పులనీ, కీళ్ళ అరుగుదల అనీ, గుజ్జు అరిగిపోయిందనీ జనం చెప్పుకునేది చాలా సందర్భాల్లో ఈ వ్యాధి గురించే. ఆయుర్వేదం సంధిగతవాతం అనే పేరుతో వర్ణించిన లక్షణాలు కూడా దీనికి దగ్గరగా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో సుమారు 52.8 కోట్ల మంది ఏదో ఒక కీలులో ఈ వ్యాధితో బాధపడుతుండగా, మోకాలిలో వ్యాధి ఉన్నవారే 36.5 కోట్ల మంది. మొత్తం రోగుల్లో 60 శాతం మంది స్త్రీలు, 73 శాతం మంది 55 ఏళ్ళు దాటినవారు. భారతదేశంలో ఐదు ప్రాంతాల ప్రజలను పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక సర్వేలో మోకాలి ఆస్టియో ఆర్థ్రయిటిస్ 28.7 శాతం మందిలో కనిపించింది.

వయసుతో పాటు కీలు అరిగిపోవడమే ఈ వ్యాధి అనీ, ఆ అరుగుదలను ఎవరూ ఆపలేరనీ వైద్యశాస్త్రం చాలాకాలం భావించింది. గడచిన మూడు నాలుగు దశాబ్దాల పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని చాలావరకు మార్చాయి గాని, జనసామాన్యంలోనూ కొన్ని వైద్యశాలల్లోనూ అది ఇంకా చెక్కుచెదరలేదు. దాని వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. నడిస్తే ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుందన్న భయంతో రోగి నడక మానేస్తాడు, కదలిక తగ్గిన కొద్దీ తొడ కండరాలు సన్నబడి బరువు పెరుగుతుంది, ఆ రెండూ కలిసి నొప్పిని మరింత పెంచుతాయి.

కీలు నిర్మాణం, వ్యాధి గతి

తొడ ఎముక కింది కొస, ముంగాలిలోని పెద్ద ఎముక పై కొస, వాటి ముందు తొడ కండరపు స్నాయుబంధనంలో ఇమిడి ఉండే మోకాలి చిప్ప కలిసి ఈ కీలును ఏర్పరుస్తాయి. ఎముకల కొసలను కొన్ని మిల్లీమీటర్ల మందం గల నునుపైన మృదులాస్థి కప్పి ఉంచుతుంది. రెండు పెద్ద ఎముకల నడుమ లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటిగా నెలవంక ఆకారంలో ఉండే మెనిస్కస్ అనే మెత్తలు బరువును విశాలమైన తలం మీదికి పంచుతాయి. కీలు తిత్తి లోపలి పొర అయిన సైనోవియం జిగట ద్రవాన్ని స్రవించి రాపిడిని దాదాపు లేకుండా చేస్తుంది. చదునైన నేల మీద నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ శరీర బరువుకు రెండు మూడు రెట్లు, మెట్లు దిగేటప్పుడు అంతకంటె ఎక్కువ భారం ఈ కీలు మీద పడుతుంది. అందులో సగానికి మించిన భాగాన్ని లోపలి వైపే మోస్తుంది కాబట్టి వ్యాధి సాధారణంగా ఆ వైపునే మొదలవుతుంది.

మృదులాస్థి బరువులో మూడింట రెండు వంతులు, ఒక్కోసారి అంతకు మించి, నీరే ఉంటుంది. కొల్లాజెన్ పోగులు అల్లిన వలలో అగ్రికాన్ అనే పెద్ద అణువులు చిక్కుకొని ఆ నీటిని పట్టి ఉంచడం వల్లనే ఒత్తిడిని తట్టుకునే గుణం దానికి వస్తుంది. ఈ కణజాలంలో రక్తనాళాలు లేవు. అడుగు పడినప్పుడు నొక్కుకొని, కాలు లేచినప్పుడు ఉబ్బే స్పాంజి లాగా అది కీలు ద్రవం నుంచే పోషకాలను పీల్చుకుంటుంది కనుక, కదలిక దానికి హాని కాకపోగా ఆహారానికి మార్గం. రక్తప్రసరణ లేనందువల్లనే ఒకసారి దెబ్బతిన్న మృదులాస్థి తిరిగి సరిగా పూడుకోదు; అలా పూడుకోదన్న విషయాన్ని బ్రిటిష్ శరీరశాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో గుర్తించాడు.

మృదులాస్థిలో నరాలు కూడా లేవు, అందువల్ల అది పలచబడడం దానంతట అదే నొప్పి పుట్టించలేదు. నొప్పి పుట్టేది నరాలు దట్టంగా ఉన్న ఎముకలో, సైనోవియంలో, కీలు తిత్తిలో, చుట్టూ ఉన్న బంధనాల్లో. వ్యాధి క్రమం కూడా రాయి రాయి రాసుకుని అరిగే యాంత్రిక చర్య కాదు. అసహజమైన భారం పడినప్పుడు గాని, గాయమైనప్పుడు గాని మృదులాస్థి కణాలు తామే కొల్లాజెన్‌నూ అగ్రికాన్‌నూ ఛేదించే ఎంజైములను విడుదల చేస్తాయి. అలా విరిగిన తునకలు ద్రవంలో కలిసి సైనోవియంలో వాపు పుట్టిస్తాయి. ఆ వాపు నుంచి వెలువడే రసాయనాలు మళ్ళీ మృదులాస్థి మీదనే పనిచేస్తాయి. అడుగున ఉన్న ఎముక దట్టమై, అంచుల వెంట ఆస్టియోఫైట్లు అనే కొత్త ఎముక మొనలు మొలుస్తాయి, మెనిస్కస్ చిరిగి గాని జారి గాని బయటికి వస్తుంది, వాచిన కీలు నుంచి వచ్చే సంకేతాల వల్ల తొడ ముందు భాగంలోని క్వాడ్రిసెప్స్ కండరం బిగువు కోల్పోతుంది. లోపలి వైపు సందు తగ్గే కొద్దీ కాలు బయటికి వంగి దొడ్డికాలుగా మారుతుంది, వంగిన కాలు ఆ వైపు మీదనే మరింత బరువు వేస్తుంది. నొప్పి ఏళ్ళ తరబడి సాగితే వెన్నుపాములోనూ మెదడులోనూ నొప్పిని గ్రహించే వ్యవస్థ అతిసున్నితంగా మారడం, నిద్రలేమి, మానసిక కుంగుబాటు కూడా బాధను పెంచుతాయి.

కారణాలు

వయసు ప్రధాన కారణమే అయినా ఒక్కటే కారణం కాదు. అమెరికాలో వేర్వేరు కాలాలకు చెందిన రెండున్నర వేలకు పైగా అస్థిపంజరాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం తరువాత మోకాలి ఆస్టియో ఆర్థ్రయిటిస్ సుమారు రెట్టింపు అయినట్టు, వయసులోనూ శరీర బరువులోనూ ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆ పెరుగుదల నిలిచి ఉన్నట్టు తేలింది. మనుషులు ఎక్కువకాలం బతకడం వల్లనో, లావెక్కడం వల్లనో మాత్రమే వ్యాధి పెరిగిందనే వాదన దీనితో బలహీనపడింది. శారీరక శ్రమ తగ్గి కీళ్ళు, కండరాలు చిన్ననాటి నుంచే బలం పుంజుకోకపోవడం ఒక కారణం కావచ్చునని ఆ పరిశోధకులు ఊహించారు.

మార్చుకోవడానికి వీలున్న కారణాల్లో అధిక బరువుది మొదటి స్థానం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజల మీద జరిగిన దీర్ఘకాల అధ్యయనం ఆధారంగా 1992లో వెలువడిన ఫలితాల ప్రకారం, పదేళ్ళ వ్యవధిలో సుమారు ఐదు కిలోలు తగ్గిన స్త్రీలలో నొప్పితో కూడిన మోకాలి వ్యాధి వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గింది. కొవ్వు కణజాలం బరువు మోపడంతో ఆగక, వాపును ప్రేరేపించే రసాయనాలను కూడా రక్తంలోకి విడుదల చేస్తుంది. పాత గాయాలది తరువాతి స్థానం: మోకాలి లోపలి క్రూసియేట్ బంధనం తెగినవారిలో గాని, మెనిస్కస్ చిరిగినవారిలో గాని పది ఇరవై ఏళ్ళలో దాదాపు సగం మందికి ఈ వ్యాధి కనిపిస్తుంది. వంశపారంపర్యం, స్త్రీలలో రుతుక్రమం ఆగిన తరువాతి దశ, పుట్టుకతో గాని తరువాత గాని వచ్చిన కాళ్ళ వంకర కూడా ముప్పును పెంచుతాయి. ఆరోగ్యమైన కీళ్ళు ఉన్నవారు వ్యాయామంగా పరుగెత్తడం మోకాళ్ళను పాడుచేస్తుందన్న మాటకు మాత్రం ఆధారం లేదు.

గొంతుకు కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం ఆసియా దేశాల జీవనంలో భాగం కాబట్టి ఈ అంశం ప్రత్యేకంగా పరిశీలించదగినది. బీజింగ్ వృద్ధులను ఫ్రామింగ్‌హామ్ వృద్ధులతో పోల్చి 2001లో ప్రచురించిన అధ్యయనంలో, చైనా స్త్రీలు అమెరికా స్త్రీల కంటె సన్నగా ఉన్నప్పటికీ వారిలోనే మోకాలి వ్యాధి ఎక్కువగా కనిపించింది; యౌవనంలో రోజూ గంటల తరబడి గొంతుకు కూర్చున్నవారికి ముప్పు హెచ్చని అదే పరిశోధక బృందం 2004లో తెలిపింది. చేలో కలుపు తీయడం, నేల మీద పీట వేసుకుని వంట చేయడం, గంటల కొద్దీ కాళ్ళు ముడుచుకుని బీడీలు చుట్టడం వంటి పనులు మోకాలిని ఇదే భంగిమలో ఉంచుతాయి. అంతమాత్రాన నేల మీద కూర్చునే అలవాటునే తప్పు పట్టడం న్యాయం కాదు. అప్పుడప్పుడు కూర్చుని లేవడం వేరు, బరువులు ఎత్తుతూ రోజంతా ఆ భంగిమలోనే శ్రమించడం వేరు.

లక్షణాలు, నిర్ధారణ

నొప్పి మొదట మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు, చాలాసేపు నడిచాక కనిపించి, విశ్రాంతితో తగ్గుతుంది; వ్యాధి ముదిరితే రాత్రివేళ కూడా బాధిస్తుంది. ఉదయం లేవగానే గాని, బస్సులో చాలాసేపు కూర్చుని లేచినప్పుడు గాని కీలు కాసేపు బిగుసుకుపోతుంది, కదిలిస్తే కిరకిరమంటుంది, ఒక్కోసారి నీరు చేరి ఉబ్బుతుంది. బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 45 ఏళ్ళు దాటి, పని చేసినప్పుడు కీలు నొప్పి ఉండి, ఉదయపు బిగుతు అసలే లేకపోతే లేదా అరగంట మించకపోతే, ఇతర వ్యాధుల సూచనలు లేని పక్షంలో ఎక్స్‌రే కూడా అవసరం లేకుండానే వ్యాధిని నిర్ధారించవచ్చు.

ఎక్స్‌రేలో కనిపించే మార్పులను సున్నా నుంచి నాలుగు వరకు అంచెలుగా విభజించే పద్ధతిని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు 1957లో రూపొందించారు. రోగులు నాలుగో స్టేజి అని భయంతో చెప్పుకునేది ఈ కొలమానాన్నే. అయితే ఎక్స్‌రే చిత్రానికీ నొప్పికీ పొంతన అంతంతమాత్రమే: సందు బాగా తగ్గిపోయినా హాయిగా నడిచేవారు ఉన్నారు, చిత్రం దాదాపు మామూలుగా ఉన్నా అడుగు తీసి అడుగు వేయలేనివారూ ఉన్నారు. ఎమ్మారై పరీక్షలో కనిపించే మెనిస్కస్ చిరుగులు నొప్పి లేని వృద్ధుల్లో కూడా విరివిగా ఉంటాయి కనుక, అవసరం లేని చోట ఆ పరీక్ష చేయించడం అవసరం లేని శస్త్రచికిత్సకు దారితీస్తుంది.

మోకాలు నొప్పి అంతా ఆస్టియో ఆర్థ్రయిటిస్ కాదు. రెండు చేతుల వేళ్ళ కణుపులు వాచి, ఉదయపు బిగుతు గంటకు పైగా ఉంటే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌ను అనుమానించాలి; ఒక్కసారిగా కీలు ఎర్రబడి వాచి విపరీతంగా నొప్పి చేస్తే గౌట్ కావచ్చు, దానికి జ్వరం తోడైతే కీలులో చీము పట్టిందేమోనని వెంటనే ఆసుపత్రిలో చూపించాలి. 2005, 2006 సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్‌తో మొదలై దేశమంతటా వ్యాపించిన చికున్‌గున్యా జ్వరం తగ్గిన తరువాత కూడా కొందరిలో కీళ్ళ నొప్పులు నెలల తరబడి నిలుస్తాయి. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మోతాదు మించిన నల్లగొండ, ప్రకాశం జిల్లాల వంటి ప్రాంతాల్లో ఎముకల ఫ్లోరోసిస్ కూడా కీళ్ళను బిగదీస్తుంది. అటువంటి ప్రాంతాల యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన పత్రంలో వివరించారు. వీటిలో ఏ ఒక్కదాని చికిత్సా ఆస్టియో ఆర్థ్రయిటిస్ చికిత్స వంటిది కాదు.

చికిత్స

పోయిన మృదులాస్థిని తిరిగి మొలిపించే మందు గాని, వ్యాధి గమనాన్ని ఆపుతుందని నిరూపితమై అనుమతి పొందిన మందు గాని ఇంతవరకు లేదు. అందువల్ల చికిత్స లక్ష్యం నొప్పిని తగ్గించి నడకను నిలబెట్టడం. అంతర్జాతీయ మార్గదర్శకాలన్నీ వ్యాయామం, బరువు తగ్గింపు, రోగికి వ్యాధి గురించి సరైన అవగాహన అనే మూడింటినే మొదటి చికిత్సగా చెబుతుండగా, ఆచరణలో వరుస తలకిందులై, మాత్రలతో మొదలై ఇంజెక్షన్ల మీదుగా శస్త్రచికిత్సకు చేరడం, వ్యాయామం మందుల చీటీ చివర ఒక మాటగా మిగిలిపోవడం సర్వసాధారణం.

వ్యాయామాల్లో తొడ కండరాలను బలపరిచేవి ముఖ్యం. కాళ్ళు చాపుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ కండరాన్ని కొన్ని సెకన్లు బిగించి వదలడం, మోకాలు వంచకుండా కాలును జానెడు ఎత్తుకు లేపి నిలపడం, చేతుల ఊత లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం వంటివి ఏ సాధనమూ లేకుండా ఇంట్లోనే చేయదగినవి. వీటికి చదునైన దారిలో నడక, సైకిలు, అందుబాటులో ఉంటే ఈత జతచేయాలి. ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదట్లో నొప్పి కొద్దిగా పెరగడం సహజం. అది మర్నాటికి తగ్గిపోతే కీలుకు హాని జరగనట్టే, తగ్గకపోతే మోతాదు కొంత తగ్గించాలి గాని వ్యాయామాన్ని మానకూడదు. 156 మంది రోగుల మీద జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది గడిచాక స్టిరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నవారి కంటె ఫిజియోథెరపీ పొందినవారికే నొప్పి తక్కువగా, పని చేసుకునే శక్తి ఎక్కువగా ఉంది. డెన్మార్క్‌లో 2013లో మొదలైన గ్లాడ్ అనే కార్యక్రమం వ్యాధి గురించిన పాఠాలనూ పర్యవేక్షణలో చేసే వ్యాయామాన్నీ కొన్ని వారాల్లోనే నేర్పి పంపుతుంది, ఈ పద్ధతిని తరువాత ఇతర దేశాలు కూడా చేపట్టాయి. ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేని ఇటువంటి ఏర్పాటు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఎంతో అనువైనది.

బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005 నాటి పరిశోధన ఒకటి లెక్కగట్టింది. ఊబకాయానికి వాడే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌ను మోకాలి వ్యాధి ఉన్న 407 మంది స్థూలకాయుల మీద పరీక్షించి 2024లో ప్రకటించిన ఫలితాల్లో, మందు తీసుకున్నవారి బరువు సగటున 13.7 శాతం తగ్గి, నొప్పి కూడా మిగిలినవారి కంటె స్పష్టంగా తగ్గింది. మందు ఆపితే బరువు తిరిగి పెరుగుతుందన్నది, దాని ధర ఎంతమందికి అందుబాటులో ఉంటుందన్నది వేరే సమస్యలు.

ఇంటిలో చేసుకునే చిన్న మార్పులు కూడా విలువైనవే. చేతికర్రను నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది అదే వైపున పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయాలి. పీటకు బదులు ఎత్తయిన కుర్చీ, మరుగుదొడ్డిలో కమోడ్, మెత్తని అడుగున్న చెప్పులు బాధను తగ్గిస్తాయి.

మందుల్లో పైపూతగా రాసే డైక్లోఫినాక్ వంటివి ముందు వాడదగినవి. మోకాలు చర్మానికి దగ్గరగా ఉండే కీలు కాబట్టి అవి బాగానే పనిచేస్తాయి, రక్తంలో కలిసేది స్వల్పం. మిరపకాయకు ఘాటునిచ్చే కాప్సైసిన్‌తో చేసిన పూత కూడా కొందరికి ఉపశమనం ఇస్తుంది. నోటి ద్వారా తీసుకునే నొప్పి మాత్రలు పనిచేసినా జీర్ణాశయంలో పుండ్లు, రక్తపోటు పెరగడం, మూత్రపిండాలు దెబ్బతినడం, గుండె జబ్బు ముప్పు వంటి దుష్ప్రభావాలు ఉన్నందున, మధుమేహం, రక్తపోటు ఉన్న వృద్ధులు వాటిని దుకాణంలో కొనుక్కుని నెలల తరబడి మింగడం ప్రమాదకరం. నాటు మందుల పేరిట అమ్మే కొన్ని పొడుల్లో స్టిరాయిడ్లు కలిపి ఉంటాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమైందని సంబరపడినవారికి ఆ తరువాత ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు బోలు కావడం ఎదురవుతాయి. విరివిగా అమ్ముడయ్యే గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రలు 1,583 మందిపై జరిగి 2006లో వెలువడిన అమెరికా పరీక్షలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రల కంటె మెరుగని తేలలేదు.

కీలులోకి ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. దాన్ని మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్ళు ఇచ్చి చూసిన పరీక్షలో నొప్పి తగ్గుదలలో తేడా లేకపోగా మృదులాస్థి మరింత పలచబడినట్టు 2017లో వెల్లడైంది. గుజ్జు ఇంజెక్షన్లుగా ప్రచారమయ్యే హయలురోనిక్ ఆమ్లాన్ని నైస్ సంస్థ వద్దనే చెబుతోంది. రోగి రక్తం నుంచే తీసే పీఆర్‌పీ ఇంజెక్షన్ 288 మందిపై ఆస్ట్రేలియాలో జరిగిన పరీక్షలో ఉప్పునీటి ఇంజెక్షన్ కంటె మెరుగైనదని నిరూపణ కాలేదు. మూలకణాల పేరుతో లక్షలు వసూలు చేసే చికిత్సల వెనుక ఉన్నది ఇంకా పరిశోధన దశలోని ఆశ మాత్రమే.

కీలులోకి గొట్టం పంపి కడిగి శుభ్రం చేసే ఆర్థ్రోస్కోపీ ఒకప్పుడు విరివిగా జరిగేది. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది రోగుల్లో కొందరికి ఆ చికిత్స చేసి, కొందరికి చర్మం మీద కోతలు మాత్రమే పెట్టి పంపగా రెండు వర్గాల ఫలితాల్లోనూ తేడా లేదని 2002లో తేలడంతో ఈ వ్యాధికి దాని ప్రాముఖ్యం పోయింది. ఒక్క వైపే దెబ్బతిన్న, వయసు తక్కువగా ఉన్న రోగులకు ఎముకను కోసి కాలు వంకరను సరిచేసే ఆస్టియోటమీ గాని, ఆ వైపు భాగాన్నే మార్చే పాక్షిక శస్త్రచికిత్స గాని తగినవి కావచ్చు.

మోకీలు మార్పిడి చరిత్ర బెర్లిన్‌లో థెమిస్టోక్లీస్ గ్లుక్ 1890లో దంతంతో చేసిన కీలును అమర్చడంతో మొదలైనా, నేటి రూపం 1970 దశకంలో న్యూయార్క్‌లో జాన్ ఇన్సాల్ బృందం తీర్చిదిద్దిన నమూనా నుంచి వచ్చింది. దెబ్బతిన్న తలాలను తొలగించి, లోహపు తొడుగులనూ వాటి నడుమ పాలిథిలీన్ పలకనూ అమర్చుతారు. భారత ప్రభుత్వం 2017 ఆగస్టులో వీటి ధరలకు పరిమితి విధించి, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, టైటానియం వంటి ప్రత్యేక లోహాల రకానికి 76,600 రూపాయలు, పన్నులు కాకుండా, గరిష్ఠంగా నిర్ణయించింది. ఆసుపత్రి, వైద్యుల రుసుములు దీనికి అదనం. అమర్చిన కీళ్ళలో సుమారు 82 శాతం 25 ఏళ్ళ పాటు నిలుస్తాయని 2019లో వెలువడిన సమీక్ష అంచనా వేసింది. అయితే శస్త్రచికిత్స చేయించుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి నొప్పి చెప్పుకోదగినంతగా మిగిలిపోవచ్చు, చాలామందికి నేల మీద కూర్చోవడం మునుపటిలా సాధ్యం కాదు. ఎప్పుడు చేయించుకోవాలన్నది ఎక్స్‌రేలోని అంకెను బట్టి గాక, నెలల తరబడి సక్రమంగా వ్యాయామం, మందులు వాడిన తరువాత కూడా నొప్పి నిద్రనూ నడకనూ ఎంతగా దెబ్బతీస్తున్నదో చూసి రోగి, వైద్యుడు కలిసి తేల్చుకోవలసిన విషయం. డెన్మార్క్‌లో మార్పిడికి అర్హులైన వందమందిని రెండు వర్గాలుగా చేసి 2015లో ఫలితాలు ప్రకటించిన పరీక్షలో, శస్త్రచికిత్స పొందినవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది, తీవ్రమైన దుష్ఫలితాలూ వారిలోనే ఎక్కువగా కనిపించాయి. కాగా వ్యాయామం, ఆహార నియమాలు, మందులతో మొదలుపెట్టిన యాభై మందిలో ఏడాదిలోగా శస్త్రచికిత్సకు వెళ్ళినవారు 13 మంది మాత్రమే.